పాత అంకెనే ఉంచు

సుగుణకు లోకంలో రెండు రకాల మనుషులంటే పడదు. చదువుకుని బుద్ధి లేనివాళ్లు ఒక రకం, చదువుకోకుండా బుద్ధి లేనివాళ్లు రెండో రకం. మొదటి రకమంతా హైదరాబాదులోని భూశ్రవణ ప్రయోగశాలలో జీతాలు తీసుకుంటున్నారనీ, రెండో రకమంతా తను పనిచేసే చింతలవాగు బొగ్గుబాయిలోకి మూడు షిఫ్టుల్లో దిగుతున్నారనీ ఆమె అభిప్రాయం. ఈ రెండు మందల మధ్య బుద్ధి ఉన్నది తనకొక్కదానికే అని కూడా అభిప్రాయం. మేనేజరు ఆఫీసు పక్క గదిలో, నెట్‌వర్క్ ఇన్‌చార్జి అన్న బోర్డు కింద, రెండు కంప్యూటర్ల ముందు ఆమె కూర్చునే తీరు చూస్తే ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోయేది.

బుద్ధి ఉన్నమాట అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

బొగ్గు తవ్వేసిన చోట నెత్తి మీద మిగిలే బండను బాయిలో కప్పు అంటారు. బాయిలో చచ్చినవాళ్లలో సగానికి సగం మంది కప్పు కూలి చచ్చినవాళ్లే. ఆ కప్పు కూలే ముందు గొణుగుతుందనీ, ఆ గొణుగుడు మనిషి చెవికి అందదనీ కనిపెట్టింది ప్రయోగశాలలో నీరజాక్షి అనే ఆవిడ. వెంట్రుకంత గాజు తీగలను కప్పు పొడవునా బిగించి వాటిలోంచి వెలుగు పంపితే, కప్పు గొణిగినప్పుడల్లా వెలుగు వణికేది. ఆ వణుకును బట్టి కప్పు ఇంకా ఎన్ని నిమిషాలు నిలబడుతుందో ఆవిడ లెక్క కట్టింది. పాడుబడ్డ గనిలో ప్రయత్నించి చూస్తే, మూడుసార్లకు మూడుసార్లూ చెప్పిన నిమిషానికే కప్పు కూలింది. దానికి నేలచెవి అని పేరు పెట్టారు. పేరు పెట్టిందీ, పేపర్లలో ఫొటో వేయించుకుందీ డైరెక్టర్ డాక్టర్ ఉమాకాంత్. లెక్క కట్టిన ఆవిడ ఆ ఫొటోలో ఎక్కడో వెనక, ఎవరి భుజం చాటునో ఉంది.

నిమిషాలు తెలిస్తే చాలదు, అవి బాయిలో పనిచేసేవాడికి కనపడాలి. దానికి ప్రయోగశాల తన సర్వర్లో ఒక కిటికీ తెరిచి పెట్టింది. ఏపీఐ అంటారు దాన్ని. ఇరవై సెకన్లకోసారి ఆ కిటికీ దగ్గర అడిగితే, తొమ్మిది సెక్షన్ల వివరాలూ ఒకే జవాబుగా బయటికి తోస్తుంది. బాయిలో సెక్షనుకొకటి చొప్పున తొమ్మిది రౌటర్లున్నాయి. ప్రతి రౌటరూ ఆ జవాబు తెచ్చుకుని, అందులో తన సెక్షన్ నంబరు ఎక్కడుందో వెతుక్కుని, పక్కనున్న నిమిషాల అంకె ఏరుకుని, దాన్ని బట్టి దీపం వెలిగించాలి. ఎక్కువ నిమిషాలుంటే పచ్చ, తగ్గితే పసుపు, గంటలోపైతే ఎరుపు. ఈ వెతుక్కోవడం, ఏరుకోవడం అంతా రౌటర్లోనే నడిచే చిన్న స్క్రిప్టు, అంటే వరసగా రాసిపెట్టిన ఆజ్ఞలు. అది రాసింది సుగుణ.

మొదట ప్రయోగశాల వాళ్లు ఈ పనికి వేరే యంత్రాలు కావాలన్నారు. అరచేతంత రౌటర్ డబ్బాలో ఇది జరగదన్నారు. సుగుణ నాలుగు రోజుల్లో చేసి చూపించింది. ఆ రోజు నుంచి వాళ్లంటే ఆమెకు మరీ చులకన.

"పెద్ద పెద్ద డిగ్రీలు. పచ్చ దీపం వెలిగించనీకి పాతిక పేజీల రిపోర్టు," అంది ఆ రాత్రి మొగుడితో, అన్నం వడ్డిస్తూ.

ఆమె భర్త ఓదెలు తొమ్మిదో సెక్షన్లో కప్పుకు బోల్టులు బిగించే పని చేస్తాడు. నవ్వు మొహం మనిషి. పెళ్లాం తిట్టినా నవ్వుతాడు, పొగిడినా నవ్వుతాడు. పొగిడే సందర్భాలు తక్కువ కనుక ఎక్కువగా తిట్లకే నవ్వుతుంటాడు.

"నువ్వు జేసినవ్ గదా. ఇగ వాళ్లెందుకు?" అన్నాడు.

"గదే అంటున్న."

ఓదెలు మర్నాడు షిఫ్టులో ముప్పై ముగ్గురికీ ఆ దీపం చూపించి, ఇది మా సుగుణ పెట్టిన దీపం అని చెప్పాడు. ఆ తర్వాత కూడా, ఎవరూ అడక్కపోయినా, చెబుతూనే ఉన్నాడు.

తొమ్మిదో సెక్షన్ సర్దార్, అంటే అక్కడి పనివాళ్లకు పెద్ద, మొండయ్య. ముప్పై ఏళ్ల నుంచి ఆయన చేసే మొదటి పని ఒకటే. పని చోటికి ఎవరినీ పోనివ్వకుండా ముందు తను వెళ్లి, చివర ఇనుప పొన్ను బిగించిన కర్రతో కప్పును కొట్టి, తల పక్కకు వంచి వింటాడు. ఖణేల్‌మంటే గట్టి బండ. డొల్లగా మోగితే పైన పొర వీడిందని లెక్క. అడుగు అడుగుకీ కొట్టి విని, సరే అన్నాకే మిగతావాళ్లు కదిలేవారు. దీనికి పది పన్నెండు నిమిషాలు పట్టేది. దీపాలు వచ్చాక మేనేజరు సర్క్యులర్ పంపాడు. పచ్చ దీపం ఉంటే చాలు, కర్రతో కొడుతూ సమయం వృథా చేయరాదని. మొండయ్య ఆ కాగితం చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు మళ్లీ కొట్టాడు.

అతని నోరు మూయించింది సర్క్యులర్ కాదు, సుగుణ. టోపీ లైట్లు ఇచ్చే గది దగ్గర, షిఫ్టు మొత్తం నిలబడి ఉండగా, "మామా, మద్దెల కచేరీ అయిందా? తాళమెవరేసిన్రు?" అంది. అందరూ గొల్లుమన్నారు. మొండయ్య కూడా నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆ తర్వాత కర్ర కనపడలేదు. సుగుణ తన గదికి తిరిగొచ్చి, ఒక మూఢనమ్మకాన్ని మాన్పించినందుకు సంతోషించింది.

ఇంట్లోనూ అదే వరస. ఒకసారి వానాకాలంలో, దీపం పచ్చగా ఉండగానే, మొండయ్య ఎందుకో పైకి చూసి వద్దురా అంటే ఓదెలు ఆయన వెంట బయటికొచ్చేశాడు. కప్పు కూలలేదు. ఇక సుగుణ నోటికి పండగే. కూర గరిటె తీసుకుని గోడ మీద కొట్టి, చెవి ఆనించి, "ఏమయ్యా, ఇల్లు నిలవడ్తదా? లోపలికి రావొచ్చునా?" అనేది. స్నానానికి పోతే తలుపు కొట్టి చూసుకోమనేది. గురుకులంలో చదివే కూతురు సెలవులకు వస్తే దానికీ ఆ కథ అభినయించి చూపింది. నెల రోజులు సాగింది. ఓదెలు నవ్వుతూనే పడ్డాడు. చివరికి ఒక రోజు, "ఇగ సాలు సుగుణా," అన్నాడు మెల్లగా. ఆ మాటలో నవ్వు లేదని ఆమెకు అప్పుడు తోచలేదు. తోచినా ఆగేది కాదు.

స్క్రిప్టులో ఒక లైను సంగతి ఇక్కడ చెప్పాలి.

మొదటి నెలల్లో హైదరాబాదు లైను అప్పుడప్పుడు తెగేది. జవాబు రాకపోతే రౌటర్‌కు అంకె దొరకదు. అంకె దొరకకపోతే దీపం ఆరిపోయేది. దీపం ఆరితే పనివాళ్లు పార, పలుగు అక్కడే పడేసి, బాయి దారులు కలిసే జంక్షన్ దాకా వచ్చి ఫోన్ చేసేవారు.

"బిడ్డా, దీపం వోయింది. మేం బయటికొచ్చినం."

"ఒక్క నిమిషం గూడ ఓర్వరా? చీకటంటే భయమైతే బాయి పనికెందుకొచ్చిన్రు?"

వాళ్లు చేసింది సరైన పని. తెలియనప్పుడు బయటికి రావడమే బాయి ధర్మం. కానీ రోజుకు అయిదారు ఫోన్లు. పైగా బొగ్గు తగ్గిందని మేనేజరు వచ్చి ఆమె నెత్తిన కూర్చునేవాడు. సుగుణకు మేనేజరు మీద కోపం, ప్రయోగశాల మీద కోపం, దీపం ఆరగానే కోడిపిల్లల్లా పరుగెత్తుకొచ్చే ఆ మందంతటి మీదా కోపం. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ స్క్రిప్టులో ఒక్క లైను చేర్చింది. ఏమీ దొరక్కపోతే పాత అంకెనే ఉంచు. అంతే. మళ్లీ దీపం ఆరలేదు. ఫోన్లు ఆగిపోయాయి. మేనేజరు మెచ్చుకున్నాడు. టీ చల్లారేలోగా పనైపోయిందని ఆమె ఇంటికొచ్చి చెప్పుకుంది.

ఆ లైను సంగతి ఎవరికీ రాసి పంపలేదు. అర్థం చేసుకునే తలకాయ ఎవరికుందని?

ఇంకో సంగతి. నీరజాక్షి ఒకసారి ఫోన్ చేసింది. ఆవిడది గోదావరి జిల్లా. మాట నెమ్మది.

"సుగుణగారూ, మీ రౌటర్లో ఒక్కో జవాబు ఎంత పొడుగు దాకా పడుతుందండీ? మావాళ్లు ఇక్కడ ఏవేవో కలుపుతామంటున్నారు. మీకు ఇబ్బందవుతుందేమోనని."

నిజానికి ఆ డబ్బాలో స్క్రిప్టు చేతికి ఒకసారికి నాలుగువేల తొంభై ఆరు అక్షరాలే పడతాయి. అంతకు మించితే తోక తెగిపోతుంది. జవాబు అప్పటికి మూడువేల పైచిలుకు ఉంది. ఆ మాట చెబితే, చూశారా మేం ముందే అన్నాం కదా, ఆ డబ్బాలు పనికిరావని, అని ప్రయోగశాల అంతా ఇకిలిస్తుందని సుగుణకు అనిపించింది.

"ఎంత పంపినా పడ్తది మేడం. మీ బాధ మీరు జూస్కోండ్రి," అంది.

"అలాగేనండీ. అయినా మార్చినప్పుడల్లా మీకు మెయిల్ పెడతాను. కాస్త చూస్తూ ఉండండి."

నీరజాక్షి అన్నమాట తప్పలేదు. ప్రతి చిన్న మార్పుకూ మెయిల్ వచ్చేది. ఎనిమిదో మెయిల్ చదివాక సుగుణ, ప్రయోగశాల నుంచి ఏది వచ్చినా తిన్నగా చెత్తబుట్టలోకి పోయేలా అమరిక చేసుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ వినేదానికే చెప్పేవాళ్లు లోకువైపోయారు.

నేలచెవి పుట్టి ఏడాది నిండింది. ప్రయోగశాలలో డైరెక్టర్‌కు సన్మానం తలపెట్టారు. తలపెట్టింది డైరెక్టరే. శాలువా, పూలదండ, మైకు, అన్నీ సరే. ఇంకేదైనా శాశ్వతంగా ఉండిపోయేది చేయాలని ఆయనకు కోరిక కలిగింది. ఇరవై సెకన్లకోసారి ప్రపంచంలోకి వెళ్లే జవాబు ఒకటుంది కదా అని ఎవడో భజనపరుడు గుర్తు చేశాడు. ఇంకేం. సన్మానం ముందురోజు సాయంత్రం నుంచి ప్రతి జవాబుకూ మొదట్లో ఒక వాక్యం వచ్చి కూర్చుంది.

"పరిశోధనా శిఖామణి, భూగర్భ విజ్ఞాన చక్రవర్తి, శ్రీశ్రీశ్రీ డాక్టర్ ఉమాకాంత్ గారి దివ్య మార్గదర్శకత్వంలో, వారి అమృతహస్తాల మీదుగా రూపుదిద్దుకుని..." అంటూ మూడు వరుసలు.

దాన్ని మనిషి చదవడు. రౌటర్ చదువుతుంది. రౌటర్‌కు ఆయన చక్రవర్తో చాకలిపద్దో తెలియదు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్న సామెత ఇలాంటి వాళ్లకోసమే పుట్టింది. దానికి తోడు సర్వర్ ఆ తెలుగు అక్షరాలను అలాగే పంపదు. ఒక్కో గుర్తునూ ఆరేసి ఇంగ్లీషు అక్షరాలుగా విడగొట్టి పంపుతుంది. ఒక్క "శ్రీ"కే ఇరవై నాలుగు అక్షరాలు పోయాయి. ఆయనకు మూడు శ్రీలు. మొత్తం పొగడ్త వెయ్యి దాటింది. జవాబు నాలుగువేల తొంభై ఆరు దాటింది. తోక తెగింది. ఆ తోకలో ఉన్నది చివరి సెక్షన్, తొమ్మిదోది.

తొమ్మిదో సెక్షన్ రౌటర్ ఆ సాయంత్రం తన నంబరు కోసం వెతికింది. దొరకలేదు. ఏం చేయాలో దానికి సుగుణ ముందే చెప్పి ఉంచింది.

మర్నాడు పదకొండు దాటాక, చేతిలో పని లేక, సుగుణ రౌటర్లు పంపే అంకెలతో తెర మీద నడిచే సెక్షన్ల గీతలు చూస్తూ కూర్చుంది. ఎనిమిది గీతలు ఎప్పటిలాగే చీమలు పాకినట్టు పైకీ కిందికీ పోతున్నాయి. తొమ్మిదోది మాత్రం నిన్న సాయంత్రం నుంచి స్కేలు పెట్టి గీసినట్టుంది. రెండువేల నూట ఏడు నిమిషాలు. రాత్రంతా అదే. పొద్దున్నా అదే. ఇప్పుడూ అదే.

నేల ఎప్పుడూ తిన్నగా ఉండదు. అంత మాత్రం సుగుణకు తెలుసు. జవాబును తన కంప్యూటర్లోకి తెప్పించి మొత్తం తెరిచింది. ముందు పొగడ్త. తర్వాత ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. తొమ్మిది కూడా ఉంది, అడుగున. కంప్యూటర్లో పట్టింది కనుక కనపడింది. దాని పక్కన అంకె ఇరవై ఆరు.

ఇరవై ఆరు నిమిషాలు. ఓదెలు షిఫ్టు ఉదయం నుంచి అక్కడే ఉంది.

నమ్మలేక నీరజాక్షికి ఫోన్ చేసింది. అవతల మైకు మోత, చప్పట్లు.

"తొమ్మిది ఎంత జూపిస్తున్నది మేడం? నిజం జెప్పుండ్రి."

"నేను సభలో ఉన్నానండీ, ఒక్క నిమిషం, ఫోన్లో చూస్తాను." ఆ తర్వాత ఆవిడ గొంతు మారిపోయింది. "ఇరవై అయిదు. అయ్యో. రెండు గంటల బట్టీ పడిపోతోందండీ. అందరినీ ఇక్కడికి తోలుకొచ్చేశారు, తెరల ముందు ఎవరూ లేరు. మీ దీపం ఎప్పుడో ఎర్రబడి ఉండాలే! మీవాళ్లు బయటికి వచ్చేసుంటారు కదూ?"

సుగుణ ఫోన్ పెట్టేసింది.

రౌటర్‌లోకి వెళ్లి స్క్రిప్టును ఆపి, దీపానికి నేరుగా ఎరుపు ఆజ్ఞ ఇచ్చింది. ఆమె వేళ్లు రెండుసార్లు తప్పు కొట్టాయి. మూడోసారికి పోయింది. వెంటనే జంక్షన్ ఫోన్‌కు కలిపింది. సెక్షన్ నుంచి జంక్షన్‌కు అయిదారు నిమిషాల నడక. అక్కడ ఎవరూ ఉండకపోవచ్చు. కానీ మొదటి మోతకే ఎత్తారు.

"మొండయ్య మామా?"

"నేనే బిడ్డా. తిట్టకు. దీపం పచ్చగుండంగనే బయటికి దెచ్చిన. నేనే దెచ్చిన, వాళ్ల తప్పు లేదు. సాటుంగ కొట్టి సూస్తుంట రోజూ, నీకు జెప్పలే. ఇయ్యాల డొల్ల మోగింది. శానా డొల్ల."

సుగుణకు ఊపిరి తిరిగింది. జీవితంలో మొదటిసారి ఆ ముసలాడి కాళ్లు మొక్కాలనిపించింది.

"మంచిగ జేసినవ్ మామా. దీపం తప్పు. నాదే తప్పు. అందరొచ్చిన్రా?"

అవతల మొండయ్య మళ్లీ తలలు లెక్కపెట్టడం వినిపించింది.

"మామా, ఎంతమంది ఉన్నరాడ?"

"ముప్పై ముగ్గురం."

"దిగింది ముప్పై నలుగురు గదా. ఎవరు రాలే?"

మొండయ్య ఆ పేరు చెప్పనక్కర్లేకపోయింది.

"దీపం ఎర్రగ జేసిన మామా. ఇప్పుడే జేసిన. సూస్తడు, వస్తడు. దీపం జూస్తె వస్తడు," అంది సుగుణ.

"నేను వోయి దీస్కొస్త," అన్నాడు మొండయ్య. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. ఎవరో ఆయన్ని పట్టుకోవడం, వద్దు సర్దార్ అని అరవడం, పెనుగులాట. నేలచెవి లెక్కకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. పద్దెనిమిది నిమిషాలు చాలా సమయం అని సుగుణ లెక్కపెట్టుకుంటూ ఉంది. కానీ ఏడాది పొడుగునా అందరూ దండం పెట్టిన ఆ అంకె కూడా దేవుడి మాటేమీ కాదు. ఫోన్లోంచి ముందు గాలి విసురు వినిపించింది. ఆ వెనకే చప్పుడు. ఆమె కుర్చీ కింద నేల ఒకసారి అదిరింది. టేబుల్ మీది టీ గ్లాసు కిందపడింది.

ఓదెలును బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. తీసినవాళ్లు ఒక మాట చెప్పారు. అతను పని చోట దొరకలేదు. బయటికి వచ్చే దారిలో, రెండు వందల అడుగుల ఇవతల దొరికాడు. అంటే దీపం ఎర్రబడగానే లేచి పరుగెత్తాడు. పెళ్లాం దీపం పచ్చగా ఉన్నంతసేపూ కూర్చున్నాడు, ఎర్రబడిన క్షణానే లేచాడు. అంత మంచి శిష్యుడు ఆ దీపానికి ఇంకొకడు లేడు.

విచారణ బాయి గెస్ట్‌హౌస్‌లో జరిగింది. మధ్యలో విచారణ అధికారి, ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క డైరెక్టర్ ఉమాకాంత్. ఆయన నల్ల కోటు వేసుకుని విచారంగా వచ్చాడు. విచారం కూడా ఇస్త్రీ చేయించి తెచ్చినట్టుంది.

"మా జవాబులో తప్పు లేదండి. తొమ్మిదో సెక్షన్ అంకె ఉంది. వారి డబ్బాకు పట్టలేదు, అంతే. మా వైపు నుంచి ముందుగానే మెయిల్ కూడా వెళ్లింది," అన్నాడు డైరెక్టర్.

"ఆ మొదట్లో ఉన్న మూడు వరుసలు ఏమిటి?" అన్నాడు అధికారి.

"అది... సాంకేతిక పరిచయం."

అధికారి ఆ సాంకేతిక పరిచయాన్ని పైకి చదివించాడు. శ్రీశ్రీశ్రీ దగ్గర గుమస్తా తడబడ్డాడు. వెనక కూర్చున్న నీరజాక్షి తలవంచుకుంది. దాన్ని తీసేయమని కప్పు కూలిన సాయంత్రమే ఆవిడకు చెప్పారట. తీసేయడానికి నిమిషం పట్టిందట. మేనేజరు తన వంతు వచ్చాక, స్క్రిప్టు గురించి తనకేమీ తెలియదనీ, దీపాలు ఆరకుండా చూడమని మాత్రం ఎప్పుడూ చెప్పేవాడిననీ అన్నాడు. రెండో సగం నోరు జారి చెప్పాడు. వెంటనే నాలుక్కరుచుకున్నాడు.

మామూలు రోజుల్లో అయితే ఈ ముగ్గురినీ నంజుకు తినడానికి సుగుణకు అరగంట చాలు. ఇప్పుడు ఆమె లేచి, అడగకముందే, తనే చెప్పింది.

"జవాబు దొరక్కపోతే దీపం ఆరిపోవాలె. ఆరనియ్యకుండ నేను లైను రాసిన. ఎంత పడ్తదని అడిగితే అబద్ధం జెప్పిన. మెయిళ్లు సదవలే."

"ఎందుకు చదవలేదు?" అన్నాడు అధికారి.

"వాళ్లంటే నాకు లెక్క లేకుండె సార్."

అధికారి కలం ఆపి ఆమె వైపు చూశాడు. ఆ మాటను కారణంగా ఎలా రాయాలో ఆయనకు తెలియలేదు. చివరికి నిర్లక్ష్యం అని రాసుకున్నాడు. డైరెక్టర్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. అది విని కూడా సుగుణకు కోపం రాలేదు. అసలు ఆ మనిషి తన కంటే ఏ విధంగా తక్కువవాడని ఇన్నాళ్లూ అనుకుందో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఆమె మొండయ్య ఇంటికి వెళ్లింది. కర్మకాండ రోజుల్లో ఆయన ముందుండి అన్నీ చేశాడు కానీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. చూసినప్పుడల్లా తప్పుకుని పోయాడు. ఇప్పుడు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూసో మామా. ఒక్కటడుగుత, పోత." సుగుణ నేల మీదే కూర్చుంది. "ముప్పై ఇద్దరు నీ ఎంబడి వచ్చిన్రు. ఆయనొక్కణ్ణెందుకు ఇడిసిపెట్టినవ్? గుంజుకరాకపోయినవా?"

"గుంజిన బిడ్డా. రెండుసార్లు వోయి చెయ్యి వట్టి గుంజిన."

"మరి?"

"ఇదిలించుకున్నడు."

"ఏమన్నడు?"

మొండయ్య భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మొహం మీద చెమట లేదు.

"ఎందుకు బిడ్డా ఇప్పుడు. వోయినోడు వోయిండు."

"చెప్పు మామా. ఏమన్నడు?"

ఆమె కదలలేదు.

"'నువ్వు వో మామా,' అన్నడు. 'దీపం పచ్చగుండంగ నేనొస్తే సుగుణ మల్ల నెల దినాలు ఎక్కిరిస్తది. ఆ మాటలు వడుడు కంటె బండ నెత్తిమీద వడుడే నయం,' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు బిడ్డా."